పాఠం 7: న్యూగ్రేంజ్‌ నడవ సమాధి – ఆధారాలు, నిర్ధారణలు

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ప్రస్తావన
7.2 స్థలం, నిర్మాణం
7.3 1699 నుంచి తవ్వకాల దాకా
7.4 కాలనిర్ణయం
7.5 దక్షిణాయనాంతపు వెలుగు
7.6 తెల్లగోడ వివాదం
7.7 ఒక ఎముక, ఒక 'రాజు'
7.8 మన రాక్షసగుళ్ళతో పోలిక
7.9 సారాంశం
7.10 అవగాహన ప్రశ్నలకు జవాబులు
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• న్యూగ్రేంజ్‌ నిర్మాణాన్ని భాగాలవారీగా వర్ణించగలుగుతారు.
• దాని కాలాన్ని ఎలా నిర్ణయించారో వివరించగలుగుతారు.
• పురావస్తు శాస్త్రంలో కంటికి కనిపించిన ఆధారానికీ, దానిపై చేసిన నిర్ధారణకూ, ఊహకూ తేడా చూపగలుగుతారు.

7.1 ప్రస్తావన

లిఖిత ఆధారాలు లేని సమాజాల చరిత్రను వారు విడిచి వెళ్ళిన వస్తువుల నుంచి రాయాలని గత పాఠాల్లో చదివారు. ఇప్పుడు ఒకే ఒక్క కట్టడాన్ని తీసుకుని ఆ పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఆ కట్టడం ఐర్లండ్‌ తూర్పు భాగంలోని న్యూగ్రేంజ్‌. దాదాపు 5,200 ఏళ్ళ కిందట, లోహం అంటే తెలియని రైతులు కట్టిన సమాధి అది.

నేను జవాబు పత్రాలు దిద్దిన రోజుల్లో ఈ ప్రశ్నకు ఎక్కువగా కనిపించిన జవాబు ఒక్కటే: "న్యూగ్రేంజ్‌ తెల్లని గోడలు గల రాజుల సమాధి. సూర్యారాధన కోసం కట్టారు." చదవడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ రెండు వాక్యాల్లోని మూడు విషయాల మీదా, అంటే తెల్లని గోడ, రాజులు, సూర్యారాధన మీద, పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మీలో చాలామందికి లాగే నాకూ ఆ స్థలం ఫోటోల ద్వారానే తెలుసు. ఫోటోలో కనిపించేదంతా ప్రాచీనమే అనుకుంటే ఎక్కడ పొరబడతామో ఈ పాఠంలో గమనిస్తారు.

చదువుతున్నంతసేపూ ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఇది చూసినదా, నిర్ధారించినదా, ఊహించినదా?

7.2 స్థలం, నిర్మాణం

డబ్లిన్‌కు ఉత్తరాన, మీత్‌ కౌంటీలో బోయిన్‌ నది పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపు ప్రాంతాన్ని 'బ్రూ నా బోన్యా' అంటారు. అక్కడ న్యూగ్రేంజ్, నౌత్, డౌత్‌ అనే మూడు పెద్ద సమాధి దిబ్బలూ, వాటి చుట్టూ అనేక చిన్న సమాధులూ ఉన్నాయి. 1993లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

న్యూగ్రేంజ్‌ను 'నడవ సమాధి' అంటారు. అంటే పెద్ద దిబ్బ, అందులోకి వెళ్ళే ఇరుకైన రాతి నడవ, దాని చివర ఒక గది. దీని భాగాలు ఇవి:

(అ) దిబ్బ: నది గులకరాళ్ళనూ గడ్డి పెళ్ళలనూ పొరలుగా పోసి కట్టారు. వ్యాసం సుమారు 85 మీటర్లు, ఎత్తు సుమారు 12 మీటర్లు. అడుగున దాదాపు ఎకరం నేల ఆక్రమిస్తుంది.

(ఆ) అంచు రాళ్ళు: దిబ్బ జారిపోకుండా చుట్టూ ఒకదానికొకటి ఆనించి పెట్టిన 97 పెద్ద రాళ్ళు. చాలావాటి మీద సర్పిలాలు, వంకర గీతలు, డైమండు ఆకారాలు చెక్కారు. ద్వారం ఎదుట అడ్డంగా ఉన్న మొదటి రాయి మీది సర్పిలాలు ప్రపంచ ప్రసిద్ధం. కొన్ని రాళ్ళకు దిబ్బ వైపు తిరిగి ఉన్న ముఖం మీద కూడా చెక్కడాలున్నాయి. కట్టాక వాటిని ఎవరూ చూడలేరు. కాబట్టి ఇవన్నీ చూపరుల కోసం చేసిన అలంకారాలే అనడానికి వీల్లేదు.

(ఇ) నడవ: ఆగ్నేయ దిశగా తెరుచుకునే ద్వారం నుంచి 19 మీటర్ల పొడవున లోపలికి వెళుతుంది. రెండు పక్కలా నిలువు రాతి పలకలు ఉంటాయి.

(ఈ) గది: శిలువ ఆకారంలో ఉంటుంది. ఎదురుగా ఒకటి, పక్కల రెండు, మొత్తం మూడు అరలు. అరల్లో రాతి తొట్లు ఉన్నాయి. ఎదుటి అరలో ఒక రాతి మీద మూడు సర్పిలాలు ఒకదానితో ఒకటి అల్లుకున్న చెక్కడం ఉంది.

(ఉ) పైకప్పు: సుమారు 6 మీటర్ల ఎత్తు. ఒక వరస పలకల మీద మరో వరసను కొద్దిగా లోపలికి జరిపి పేర్చుతూ పోయి, చివరికి మిగిలిన చిన్న సందును ఒక్క రాతితో మూసేశారు. దీన్ని కార్బెల్‌ పద్ధతి అంటారు. సున్నం లేదు, ఏ అతుకూ లేదు. పై నుంచి దిబ్బ బరువు నొక్కుతూ ఉండటమే పలకలు జారకుండా కాపాడుతుంది. పలకల పై ముఖాన వాన నీరు పక్కలకు పోయేలా గాళ్ళు తీశారు. సందుల్లో కాల్చిన మట్టీ ఇసుకా కూరారు. ఐదు వేల ఏళ్ళ తరవాత కూడా ఆ గదిలో పైకప్పు కారడం లేదు.

నిర్మాణానికి వాడిన పెద్ద పలకలు ఐదు వందలకు పైనే. వాటిలో చాలావరకు గ్రేవాకే అనే గట్టి రాయి. ఇది సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్లోగర్‌హెడ్‌ తీరం నుంచి వచ్చి ఉండవచ్చని భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. ద్వారం ముందు దొరికిన తెల్లని పలుగురాళ్ళు దక్షిణాన ఉన్న విక్లో కొండల నుంచి, గుండ్రని గ్రానైటు రాళ్ళు ఉత్తర తీరం నుంచి తెచ్చారు. చక్రమూ గుర్రమూ లేని కాలంలో ఇంత రాయి తరలిందంటే, చాలా మందిని చాలాకాలం ఒక పని మీద నిలబెట్టగలిగిన సమాజం అక్కడ ఉండేదని నిర్ధారించవచ్చు. వారిని నిలబెట్టినది రాజాజ్ఞా, మత విశ్వాసమా, ఊళ్ళ మధ్య ఒప్పందమా అన్నది మాత్రం రాళ్ళు చెప్పవు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
సున్నం లేకుండా న్యూగ్రేంజ్‌ గది పైకప్పు ఎలా నిలిచింది?

7.3 1699 నుంచి తవ్వకాల దాకా

1699లో ఆ భూమి యజమాని చార్ల్స్‌ క్యాంప్‌బెల్‌కు రాయి అవసరమైంది. గడ్డి మొలిచిన ఆ దిబ్బ ఆయనకు రాళ్ళ గుట్టగానే కనిపించింది. కూలీలు రాళ్ళు తీస్తుంటే నడవ ద్వారం బయటపడింది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్‌ మ్యూజియం అధిపతి ఎడ్వర్డ్‌ లూయిడ్‌ ఆ సమయంలో ఐర్లండ్‌లో పర్యటిస్తూ అక్కడికి వెళ్ళి చూసి, లేఖల్లో వర్ణించాడు. ఈ సమాధి గురించి మనకున్న తొలి శాస్త్రీయ వర్ణన అదే.

తరవాతి రెండు శతాబ్దాలలో దీన్ని ఎవరు కట్టారన్న చర్చ సాగింది. 1725లో థామస్‌ మాలినూ డెన్మార్క్‌ నుంచి వచ్చినవారు కట్టారన్నాడు. చార్ల్స్‌ వాలన్సీ వంటివారు దాని మూలాలను తూర్పు దేశాలలో వెతికారు. ఇంత పెద్ద పని స్థానికుల పూర్వీకులు చేశారన్న మాట చాలామంది నోట రాలేదు. వలసపాలనలో ఉన్న దేశాల పురావస్తు చరిత్రలో ఈ ధోరణి తరచు కనిపిస్తుంది. గుర్తుంచుకోండి.

1882లో న్యూగ్రేంజ్‌ ప్రభుత్వ రక్షణ కిందికి వచ్చింది. 1962 నుంచి 1975 దాకా కార్క్‌ విశ్వవిద్యాలయ కళాశాల ఆచార్యుడు మైకేల్‌ జె. ఓకెల్లీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. ఆయన భార్య క్లేర్‌ ఓకెల్లీ రాళ్ళ మీది చెక్కడాలన్నింటినీ ఒక్కొక్కటిగా నమోదు చేసింది. మనకు తెలిసిన దానిలో ఎక్కువ భాగం వీరి కృషి ఫలితం. ఒకటి మాత్రం మరచిపోరాదు: ఓకెల్లీ పార పట్టే నాటికి ఆ గది 260 ఏళ్ళకు పైగా తెరిచే ఉంది. ఎందరో లోపలికి వచ్చి వెళ్ళారు. అందులో దొరికినవి అందులో పెట్టినవాటిలో కొంత భాగమే.

7.4 కాలనిర్ణయం

న్యూగ్రేంజ్‌ ఈజిప్టులోని గీజా మహా పిరమిడ్‌ కంటే దాదాపు 600 ఏళ్ళు పాతది అని మీరు చదివే ఉంటారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

పైకప్పు సందుల్లో కాల్చిన మట్టి కూరారని చెప్పుకున్నాం కదా. ఆ మట్టిలో బొగ్గు ముక్కలున్నాయి. ఓకెల్లీ వాటిని కార్బన్‌-14 పరీక్షకు పంపాడు. జీవి చనిపోయాక దానిలోని కార్బన్‌-14 ప్రతి 5,730 ఏళ్ళకు సగం చొప్పున తగ్గుతుందనీ, మిగిలినదాన్ని కొలిచి కాలం లెక్కకడతారనీ మీకు తెలుసు. ఇక్కడ నమూనా దొరికిన చోటు ముఖ్యం. గది నేల మీద దొరికిన బొగ్గు ఏ కాలంలోనైనా, ఏ బాటసారి వేసిన మంట నుంచైనా వచ్చి ఉండవచ్చు. పైకప్పు పలకల మధ్య ఉన్న బొగ్గు కప్పు వేస్తున్నప్పుడే అక్కడికి చేరాలి. అందువల్ల అది నిర్మాణ కాలాన్నే చెబుతుంది.

పరీక్షలో మొదట వచ్చిన అంకె సుమారు క్రీ.పూ. 2500. అంటే పిరమిడ్‌కు సమకాలికం. అయితే వాతావరణంలోని కార్బన్‌-14 పరిమాణం అన్ని కాలాల్లో ఒకేలా లేదని చెట్ల వార్షిక వలయాల అధ్యయనంలో తేలింది. ఆ ప్రకారం సవరిస్తే న్యూగ్రేంజ్‌ కాలం సుమారు క్రీ.పూ. 3200కు వెళ్ళింది.

ఈ సవరణ ఫలితం ఒక్క సమాధితో ఆగలేదు. అప్పటిదాకా గోర్డన్‌ చైల్డ్‌ వంటి పండితులు బృహత్‌శిలా నిర్మాణ విద్య తూర్పు మధ్యధరా ప్రాంతం నుంచి పడమటికి పాకిందని భావించారు. సవరించిన తేదీల ప్రకారం పడమటి సమాధులు వాటి 'మూలాల' కంటే పాతవని తేలింది. కోలిన్‌ రెన్‌ఫ్రూ ఈ వాదాన్ని బలంగా ముందుకు తెచ్చాడు. బయటివారు వచ్చి నేర్పారన్న పాత నమ్మకాన్ని బొగ్గు ముక్కలూ చెట్ల వలయాలూ కలిసి కూల్చాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
కాలనిర్ణయానికి గది నేల మీది బొగ్గు కంటే పైకప్పు సందుల్లోని బొగ్గు ఎందుకు నమ్మదగినది?

7.5 దక్షిణాయనాంతపు వెలుగు

తవ్వకాలలో ద్వారానికి పైన, నడవ కప్పు మీద ఒక చిన్న గూడు బయటపడింది. దాన్ని రూఫ్‌బాక్స్‌ అంటారు. మనం 'కప్పు గూడు' అందాం. మనిషి దూరడానికి చాలదు. ద్వారం ఉండగా మరో సందు దేనికి?

ఏడాదిలో ఒకరోజు సూర్యుడు గదిలోని మూడు సర్పిలాల రాతిని వెలిగిస్తాడని చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట ఉండేది. ఓకెల్లీ మొదట దాన్ని పట్టించుకోలేదు. తరవాత ద్వారం ఆగ్నేయానికి ఉంది కాబట్టి, సూర్యుడు అందరికంటే దక్షిణంగా ఉదయించే దక్షిణాయనాంతం రోజున చూడాలని నిశ్చయించాడు. 1967 డిసెంబరు 21 తెల్లవారుజామున ఒంటరిగా గదిలో కూర్చున్నాడు. తొమ్మిది గంటల ప్రాంతంలో కప్పు గూడు గుండా సన్నని వెలుగు గీత నడవ వెంట పాకి గదిలోకి వచ్చింది. ఆ వెలుగు సుమారు 17 నిమిషాలు ఉంటుందని తరవాతి పరిశీలనల్లో నమోదైంది. ఆ తేదీకి ముందూ వెనకా కొద్ది రోజులు కూడా ఇది కనిపిస్తుంది.

ఇది కాకతాళీయం కాదని ఎలా చెప్పగలం? ఆధారాలు నాలుగు.
1. నడవ నేల లోపలికి పోయేకొద్దీ సుమారు 2 మీటర్లు పైకి లేస్తుంది. అందువల్ల ద్వారం గుండా వచ్చే వెలుగు గది దాకా చేరదు. గూడు గుండా వచ్చేదే చేరుతుంది. గూడు లేకపోతే గది చీకటే.
2. గూడును మూయడానికి పలుగురాతి దిమ్మలు వాడారు. వాటిని మళ్ళీ మళ్ళీ జరిపిన గీతలు కింది రాతి మీద ఉన్నాయి.
3. జాన్‌ పాట్రిక్‌ కొలతలు తీసి, ఈ అమరిక కట్టినప్పటి నుంచీ ఉన్నదేనని 1974లో 'నేచర్‌' పత్రికలో చూపాడు.
4. భూమి అక్షం వంపు ఈ ఐదు వేల ఏళ్ళలో కొద్దిగా మారింది. అందుకే ఇప్పుడు వెలుగు సూర్యోదయమైన సుమారు నాలుగు నిమిషాల తరవాత ప్రవేశిస్తుంది, వెనుక అరను తాకదు. కట్టిన కాలానికి లెక్క వేస్తే, సూర్యుడు ఉదయించిన క్షణం నుంచే వెలుగు వెనుక అర వరకు చేరేది.

ఇప్పుడు మన ప్రశ్న వేద్దాం. వెలుగు పడుతుందన్నది చూసినది. కావాలనే అలా కట్టారన్నది బలమైన నిర్ధారణ. మృతులకు పునర్జన్మ కలగాలని కట్టారన్నది ఊహ. అది అందమైన ఊహే, నిజం కూడా కావచ్చు. కానీ జవాబు పత్రంలో మొదటి రెండింటి పక్కన దాన్ని అదే స్వరంతో రాయకూడదు.

7.6 తెల్లగోడ వివాదం

న్యూగ్రేంజ్‌ ఫోటో చూసినవారికి ముందుగా కనిపించేది ద్వారానికి రెండు పక్కలా నిటారుగా నిలిచిన మెరిసే తెల్లగోడ. అది 1970 దశకంలో కట్టినది.

ఓకెల్లీకి దొరికింది గోడ కాదు. అంచు రాళ్ళ ముందు నేల మీద, మీటర్ల కొద్దీ వెడల్పున పరుచుకుని ఉన్న పలుగురాళ్ళ పొర. వాటి మధ్య గుండ్రని గ్రానైటు రాళ్ళు. ఇవి ఒకప్పుడు అంచు రాళ్ళ మీద నిలబెట్టిన గోడ నుంచి కూలి పడ్డాయని ఆయన నిర్ధారించాడు. రాళ్ళు పడిన తీరును పరిశీలించి, ప్రయోగం చేసి, గోడ సుమారు 3 మీటర్ల ఎత్తు ఉండేదని లెక్కవేశాడు. ఆ ప్రకారమే పునర్నిర్మించారు. అంత నిటారుగా నిలవడానికి వెనుక ఉక్కు చువ్వల కాంక్రీటు గోడ వేయవలసి వచ్చింది.

విమర్శకుల ప్రశ్న అక్కడే మొదలైంది. కాంక్రీటు లేకుండా నిలవనిది నవీన శిలాయుగంలో ఎలా నిలిచింది? ఆ రాళ్ళు పడినవి కాక, ద్వారం ముందు నేల మీద పరిచినవి ఎందుకు కాకూడదు? పక్కనే ఉన్న నౌత్‌లో జార్జ్‌ ఓగన్‌ కూడా 1962 నుంచే తవ్వకాలు జరిపాడు. అక్కడా ద్వారాల ముందు పలుగురాళ్ళు దొరికాయి. ఆయన వాటిని గోడగా లేపలేదు, నేల మీదే ఉంచాడు. ఒకే నది ఒడ్డున, ఒకే రకం ఆధారం నుంచి, ఇద్దరు సమర్థులైన పండితులు రెండు రకాల దృశ్యాలు మనకు మిగిల్చారు.

ద్వారం దగ్గర ఇరువైపులా వంపు తిరిగిన నల్లరాతి గోడ గురించి మాత్రం వివాదం లేదు. సందర్శకులు లోపలికి వెళ్ళడానికి వీలుగా చేసిన ఆధునిక ఏర్పాటది. ప్రాచీన కాలంలో లోపలికి పోవాలంటే సర్పిలాల రాతిని ఎక్కి దాటవలసిందే.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 3
తెల్లగోడ విషయంలో తవ్వకంలో దొరికినదేమిటి? దాని నుంచి నిర్ధారించినదేమిటి?

7.7 ఒక ఎముక, ఒక 'రాజు'

ఓకెల్లీ తవ్వకాలలో గదిలో కాల్చిన ఎముకలూ, కాల్చని ఎముకలూ దొరికాయి. కనీసం ఐదుగురివి. వాటితో పాటు పూసలు, ఎముక సూదులు, చిన్న సుద్ద గోళీలు. ఈ ఎముకల్లో ఒకటి ఒక పురుషుడి పుర్రెలో చెవి దగ్గర ఉండే గట్టి భాగం. డీఎన్‌ఏ బాగా నిలిచి ఉండేది ఆ భాగంలోనే.

2020లో డబ్లిన్‌ ట్రినిటీ కాలేజీకి చెందిన లారా కాసిడీ, డాన్‌ బ్రాడ్లీ బృందం 'నేచర్‌'లో ఫలితాలు ప్రకటించింది. ఆ పురుషుడి తల్లిదండ్రులు అన్నాచెల్లెళ్ళో, అక్కాతమ్ముళ్ళో, లేదా కన్నవారూ కన్నబిడ్డలో అయి ఉండాలి. ఐర్లండ్‌ పడమటి వైపున్న కారోమోర్, కారోకీల్‌ సమాధుల్లోని కొందరు అతనికి దూరపు రక్తబంధువులు. అలాంటి కలయికను చాలా సమాజాలు నిషేధిస్తాయి. ఈజిప్టు, ఇంకా రాజవంశాల వంటి చోట్ల దైవాంశ గలవారమని చెప్పుకునే పాలకులకు మాత్రమే అది చెల్లింది. కాబట్టి న్యూగ్రేంజ్‌లోనూ అలాంటి పాలకవర్గం ఉండి ఉంటుందని వారు సూచించారు. పక్కనున్న డౌత్‌ గురించి మధ్యయుగంలో రాసిపెట్టిన ఒక కథలో, ఆగిన సూర్యుడిని మళ్ళీ కదిలించింది ఒక రాజు తన సోదరితో కలవడమేనని ఉంది. వారు దీన్నీ ప్రస్తావించారు. పత్రికలు వెంటనే 'దైవ రాజు' అని శీర్షికలు పెట్టాయి.

2025లో జెస్సికా స్మిత్, నీల్‌ కార్లిన్‌ తదితరులు 'ఆంటిక్విటీ' పత్రికలో దీన్ని ప్రశ్నించారు. డీఎన్‌ఏ ఫలితాన్ని వారు కాదనలేదు. అయితే అలాంటి తల్లిదండ్రులున్నట్టు తేలింది ఒక్క మనిషికే. ఇతర సమాధుల వారితో అతని బంధుత్వం చాలా దూరపుది, ఒక రాజవంశమని చెప్పడానికి చాలదు. పైగా ఈ సమాధుల్లో ఒక మనిషిని ఒకచోట పడుకోబెట్టి గౌరవించిన జాడలు అరుదు. ఎముకలు విరిచి, కలిపి, చోటు మార్చి ఉంచారు. వ్యక్తిని పక్కనబెట్టి సమూహాన్ని స్మరించుకునే చోటులా అది కనిపిస్తుంది.

ఈ చర్చ మీకు దూరపు విషయంలా అనిపించవచ్చు. కానీ ఫలం ఎవరికి దక్కుతుందో ఆలోచించండి. 'రాజు కట్టించాడు' అని ఒక్క మాట రాస్తే, క్లోగర్‌హెడ్‌ నుంచి రాళ్ళు మోసినవారు, కప్పు సందుల్లో మట్టి కూరినవారు, నడవ వాలును కొలిచినవారు ఆ మాటలో కనిపించకుండా పోతారు. ఆధారం అలా రాయమంటే రాయాలి. ఒక్క చెవి ఎముక అంత బరువు మోయగలదా అన్నదే ప్రశ్న.

7.8 మన రాక్షసగుళ్ళతో పోలిక

తెలుగునాట 'రాక్షసగుళ్ళు' అని పిలిచే బృహత్‌శిలా సమాధులు మీలో కొందరి ఊరి పొలిమేరల్లోనే ఉండవచ్చు. వాటికీ ఐర్లండ్‌కూ సంబంధం ఉందా? ఈ ప్రశ్న పాతదే. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్‌ టేలర్‌ సురపురం ప్రాంతపు సమాధులను తవ్వి, 1860 దశకంలో రాయల్‌ ఐరిష్‌ అకాడమీ ప్రచురణలో వ్యాసం రాశాడు. దాని శీర్షికలోనే దక్కను సమాధులను సెల్టిక్, డ్రూయిడ్, సిథియన్‌ కట్టడాలన్నాడు. రూపం కలిసింది కాబట్టి కట్టినవారూ ఒకటేననే ఆలోచన అది.

ఇప్పుడు తేదీలు తెలుసు. న్యూగ్రేంజ్‌ నవీన శిలాయుగానిది. మన సమాధుల్లో ఇనుప పనిముట్లు, నలుపు-ఎరుపు కుండలు దొరుకుతాయి. అవి చాలావరకు క్రీ.పూ. 1000 ప్రాంతం నుంచి మొదలయ్యేవి. మధ్య రెండు వేల ఏళ్ళ దూరం ఉంది. 'బృహత్‌శిల' అంటే పెద్ద రాయి అనే అర్థం, ఒకే జాతి అని కాదు.

పద్ధతి మాత్రం రెండు చోట్లా ఒకటే. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోని నిలువు రాళ్ళు సూర్యగమనాన్ని సూచిస్తాయని పరిశోధకులు చెబుతున్నారు. అది చదివినప్పుడు న్యూగ్రేంజ్‌ విషయంలో అడిగినవే అడగండి: కొలతలు తీశారా? కట్టిన కాలానికి లెక్కవేశారా? కావాలని చేశారనడానికి కప్పు గూడు వంటి సాక్ష్యం ఏముంది?

7.9 సారాంశం

న్యూగ్రేంజ్‌ సుమారు క్రీ.పూ. 3200లో బోయిన్‌ లోయ రైతులు కట్టిన నడవ సమాధి. దిబ్బ, 97 అంచు రాళ్ళు, 19 మీటర్ల నడవ, కార్బెల్‌ కప్పు గల గది దాని ముఖ్య భాగాలు. పైకప్పు సందుల్లోని బొగ్గు, చెట్ల వలయాల సవరణ కాలాన్ని నిర్ణయించాయి. దక్షిణాయనాంతపు వెలుగు కోసం కావాలనే అమర్చారనడానికి బలమైన ఆధారాలున్నాయి. తెల్లగోడ ఒక నిర్ధారణ ప్రకారం చేసిన పునర్నిర్మాణం. 'రాజు' ఒక ఎముక మీద నిలిచిన వాదం. ప్రాచీన కట్టడం గురించి రాసేటప్పుడు ఏది దొరికిందో, ఏది మనం చేర్చామో విడదీసి చెప్పడమే మంచి చరిత్ర రచన.

7.10 అవగాహన ప్రశ్నలకు జవాబులు

1. పలకలను వరస వరసకూ లోపలికి జరిపి పేర్చారు. దిబ్బ బరువు వాటిని నొక్కి పట్టి ఉంచుతుంది.
2. నేల మీది బొగ్గు తరవాతి కాలపుది కావచ్చు. కప్పు సందుల్లోని బొగ్గు కప్పు వేసినప్పుడే అక్కడికి చేరి ఉండాలి.
3. దొరికింది నేల మీద పలుగురాళ్ళ, గ్రానైటు రాళ్ళ పొర. నిర్ధారించింది అది కూలిన నిటారు గోడ అని.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. న్యూగ్రేంజ్‌ నిర్మాణాన్ని వర్ణించి, దాని కాలనిర్ణయం జరిగిన తీరును వివరించండి.
2. న్యూగ్రేంజ్‌ దక్షిణాయనాంత సూర్యోదయానికి అనుగుణంగా కట్టిందనడానికి గల ఆధారాలను పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తెల్లగోడ పునర్నిర్మాణంపై వచ్చిన విమర్శలు.
2. 'న్యూగ్రేంజ్‌ రాజు' వాదం – ప్రతివాదం.
3. మీకు దగ్గరలోని ఒక ప్రాచీన కట్టడం గురించి స్థానికులు చెప్పే మూడు మాటలు సేకరించండి. వాటిలో చూసినదేదో, నిర్ధారించినదేదో, ఊహించినదేదో విడదీయండి.